నట్టింటి కింద గొట్టాలు

ఇంటి నిర్మాణంపై పాఠకుల సందేహాలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. వాటిలోనూ చాలామంది అడిగింది గచ్చు కింద వేసే గొట్టాల గురించే కాబట్టి, ఈ సంచికలో మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వాటికే చోటిచ్చాను. ఉత్తరాలను కొద్దిగా కుదించాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి అమెరికాలో డాలస్ దగ్గర ఇల్లు కొన్నాడు. ఆ ఇంటికి మనకున్నట్టు పునాదులు లేవట. నేల మీద మందపాటి కాంక్రీటు పలక పోసి, దాని మీదనే ఇల్లు లేపారట. ఆ పలక కింద వేడినీళ్ల గొట్టం కారి, వంటగదిలో ఒకచోట నేల కాలికి వెచ్చగా తగలడంతో సంగతి బయటపడింది. బాగుచేయడానికి ఇంటి కిందకు సొరంగం తవ్వవలసి వచ్చింది. ఇప్పుడు మేము విజయనగరంలో 200 గజాల స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నాం. మా మేస్త్రీ కూడా ‘పునాదుల ఖర్చు కలిసొస్తాది, కింద స్లాబే ఏసేద్దాం మాస్టారూ’ అంటున్నాడు. వేయవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: మన ఊళ్లలో స్లాబు అంటే నెత్తి మీద ఉండేది. మీ అబ్బాయి చెప్పిన స్లాబు కాళ్ల కింద ఉండేది, పైగా ఇంటి బరువంతా మోసేది. ఈ రెండింటికీ పేరొక్కటే కావడం వల్ల మేస్త్రీలు ఒకదాని మాట మరొకదానికి అంటగడుతున్నారు.

అమెరికా ఉత్తరాదిలో చలికాలం నేల లోతుగా గడ్డకడుతుంది కాబట్టి పునాదిని ఆ లోతు దాటించి దింపుతారు. టెక్సాస్‌లో ఆ బాధ తక్కువ. అందువల్ల అంచుల వెంబడి, మధ్యమధ్యన లోతు పెంచిన కాంక్రీటు పలకనే అక్కడ పునాదిగా పోస్తారు. చాలా ఇళ్లలో ఆ పలకలో ఉక్కు తీగలను ప్లాస్టిక్ తొడుగుల్లో పరిచి, కాంక్రీటు గట్టిపడ్డ కొన్ని రోజులకు జాకీలతో బిగలాగుతారు. బిగువు మీదున్న ఆ తీగను తెగ్గొడితే మనుషులకూ ఇంటికీ ప్రమాదమే. గచ్చు పగలగొట్టడానికి జంకి, బయటి నుంచి సొరంగం తవ్వుకొని గొట్టం దగ్గరకు వెళ్లడానికి అదొక కారణం. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి వంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. గొట్టం కారినచోట మట్టి ఉబ్బి పలకను ఒక పక్కకు ఎత్తుతుంది కాబట్టి, అక్కడ చిన్న కారుడు కూడా పెద్ద ఖర్చు తెచ్చిపెడుతుంది. కొందరు ఆ గొట్టాన్ని బాగుచేయడం మాని, దాన్ని అలాగే మూసి వదిలేసి, కొత్త గొట్టాన్ని అటక మీదుగా తిప్పుకుంటారు. నన్నడిగితే తెలివైన పని అదే.

మీరు కట్టబోయే ఇల్లు అటువంటిది కాదు. మన పద్ధతిలో స్తంభాల బరువు వాటి అడుగున ఉండే వెడల్పాటి కాంక్రీటు దిమ్మల (ఫుటింగుల) మీద పడుతుంది, గోడలను స్తంభాల మధ్య గచ్చు అడుగున పోసే కాంక్రీటు దూలాలు, అంటే ప్లింత్ బీములు మోస్తాయి. బీముల మధ్య రెండు నుంచి నాలుగు అడుగుల మేర గ్రావెల్ నింపి, దాని మీద నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు పోసి, ఆపైన టైల్సు పరుస్తాం. ఆ బెడ్‌కు ఇంటిని మోసే పని లేదు. టెక్సాస్‌లో పలక కింద నేల కదిలితే ఇల్లే కదులుతుంది. ఇక్కడ గచ్చు కింద మట్టి దిగితే ఇల్లు నిలిచే ఉంటుంది గానీ, ఆ మట్టిని నమ్ముకొని పడుకున్న గొట్టం విరుగుతుంది.

మీ మేస్త్రీ సలహాకు సూటిగా జవాబు చెప్పాలంటే, వద్దు. గట్టి ఎర్రగ్రావెల్ నేల మీద ఒక అంతస్తుకు మించని ఇంటికి, మట్టి పరీక్ష చేయించి, ఇంజినీరు గీసిన నమూనా ప్రకారం పలక పునాది వేయడం సాధ్యమే. అయితే అందులో పట్టే ఇనుమూ కాంక్రీటూ లెక్క కట్టకముందే ఖర్చు కలిసొస్తుందనడం నోటిమాట. మరో అడ్డంకి కూడా ఉంది. పలక పోయకముందే ప్రతి గొట్టం చోటూ తేలిపోవాలి. పోశాక మార్చడానికి వీలుండదు. వాస్తు చెప్పేవారు ఒకరు వచ్చి వెళ్లినప్పుడల్లా మరుగుదొడ్డి మూల మారే మన ఇళ్లలో ఆ నిలకడ దొరకడం కష్టం.

ఎటువంటి పునాది వేసినా మీరు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. వాడకం నీటి గొట్టాన్ని, అంటే ట్యాంకు నుంచి కుళాయిలకు దిగేదాన్ని, గచ్చు కిందకు అసలు పోనివ్వకండి. గోడల్లోనో, స్లాబు మీదుగానో తిప్పించండి. మురుగు గొట్టం కిందుగా పోక తప్పదు కాబట్టి, అది నట్టింటిని అడ్డంగా దాటకుండా దగ్గరలోని బయటి గోడ దాటి చాంబర్లో, అంటే మూత ఉన్న మురుగు తొట్టెలో పడేటట్టు చూడండి. మురుగు గొట్టంలో నీరు వాడినప్పుడే పారుతుంది. వాడకం నీటి గొట్టంలో మాత్రం రాత్రింబవళ్లు ఒత్తిడి ఉంటుంది. ఆసుపత్రి సెలైన్ లెక్కన 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్లకు పైగా, నెలకు 130 లీటర్ల దాకా మీ గ్రావెల్‌లోకి దిగిపోతుంది. పైకి చెమ్మ కనిపించేసరికి లోపల ఎంత మట్టి కొట్టుకుపోయిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మేము ఇల్లు కట్టి ఆరేళ్లయింది. స్నానాలగది గుమ్మం ముందు నాలుగు టైల్సు కొద్దిగా కుంగాయి. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తోంది. టైల్సు తీసి మళ్లీ అతికిస్తే సరిపోతుందని పనివారు అంటున్నారు. (గృహిణి, నరసన్నపేట)

జవాబు: సరిపోదని నా అనుమానం. డొల్ల శబ్దానికి రెండు కారణాలుంటాయి. టైలు కింద సిమెంటు పాలు సరిగా పట్టక గాలి నిలిచినా ఆ శబ్దమే వస్తుంది; కానీ అలాంటి టైలు మోగుతుందే గాని కుంగదు. మీ టైల్సు కుంగాయి, అదీ స్నానాలగది ముందే కుంగాయి కాబట్టి, బెడ్ కింద మట్టి జారిందని అనుకొని వెతకడం మంచిది.

కొన్నేళ్ల కిందట ఆమదాలవలస వైపు ఒక ఇంట్లో ఇటువంటిదాన్నే తెరిపించాను. టైలూ బెడ్డూ తీసేసరికి కింద వంటల గుండిగ పట్టేంత గొయ్యి ఉంది. ఆ గొయ్యి మీదుగా మురుగు గొట్టం వంతెనలా వేలాడుతోంది. రెండు గొట్టాలను కలిపే కప్లరు దగ్గర గొట్టం బొటనవేలు దూరేంత ఊడి వచ్చింది, ఊడినచోట గొట్టం అడుగున సబ్బునురుగు ఎండి తెల్లటి చారికలు కట్టింది. గొట్టం నాసిరకం కాదు, దాని అతుకూ మంచిదే. బేస్‌మెంటు నింపిన రోజున ట్రాక్టర్ల కొద్దీ గ్రావెల్‌ను ఒకేసారి పోసి, పైపైన నీళ్లు చల్లి, మర్నాడే గొట్టం పరిచారు. గ్రావెల్ రెండు వానాకాలాల పాటు నెమ్మదిగా దిగుతూ పోయింది. గొట్టం ఒక చివర స్నానాలగది నహనీ ట్రాప్‌కు (నేల మీది నీరు పోయే జాలీ కింద, కొంత నీరు నిలిచి ఉండే తూముకు), మరో చివర బయటి చాంబర్ గోడకు బిగుసుకొని ఉండడంతో దిగలేక మధ్యలో ఊడింది. ‘పర్లేదు బాబూ, నీళ్లు ఎడితే అదే సర్దుకుంటాది’ అని ఆనాడు మేస్త్రీ అన్నాడట. అన్నట్టే సర్దుకుంది, కాకపోతే గొట్టాన్ని విరిచి మరీ సర్దుకుంది.

మీరు ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. చాంబరు మూత తీసి, స్నానాలగది నుంచి వచ్చే గొట్టం మూతిని రబ్బరు బిరడాతోనో, గుడ్డను పాలిథిన్‌లో గట్టిగా చుట్టో మూయండి. నహనీ ట్రాప్ జాలీ వరకు నీళ్లు నింపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, రాత్రంతా ఆ గదిని వాడకుండా వదిలేయండి. తెల్లవారేసరికి నీరు గీత కిందకు బాగా దిగి ఉంటే మురుగు గొట్టం కారుతున్నట్టు. నీరు దిగకపోతే వాడకం నీటి గొట్టాన్ని అనుమానించాలి. పైన ట్యాంకులో రాత్రి మట్టం గుర్తుపెట్టుకొని, కుళాయిలన్నీ కట్టేసి, పొద్దున చూస్తే అదీ తేలిపోతుంది. ఫ్లష్ ట్యాంకు పాడై నీరు కారుతున్నా ఇదే ఫలితం వస్తుంది గనక, దాని వాల్వు కట్టేసి చూడడం మరచిపోకండి.

కారుడు తేలితే బెడ్‌ను సుత్తితో బాదించవద్దు. కటింగ్ మిషన్‌తో నలుచదరంగా గీత కోసి, ఆ గీత లోపలే పగలగొట్టించండి. వదులైన మట్టిని గట్టినేల తగిలే దాకా తీయించి, గ్రావెల్‌ను ఆరేసి అంగుళాల పొరలుగా పోయించి, ప్రతి పొరా తడిపి దిమ్మిసతో కొట్టించండి. చోటు చాలితే అద్దెకు దొరికే ప్లేట్ కాంపాక్టర్ (మట్టిని అదిమే యంత్రం) ఇంకా మేలు. గొట్టం కింద మూడు నాలుగు అంగుళాల ఇసుక పరిచి, గొట్టం పొడవునా ఇసుక మీదే ఆనేటట్టు పడుకోబెట్టాలి. వాలు కుదరడానికి మన ప్లంబర్లు గొట్టం కింద అక్కడక్కడా ఇటుకముక్కలు పెడుతుంటారు, వాటిని తీయించండి. ఇటుక ఉన్నచోట గొట్టం నిలుస్తుంది, లేనిచోట వంగుతుంది, చివరకు ఆ ఇటుక అంచు మీదే పగులుతుంది. అతుకు దగ్గర గొట్టం లావుగా ఉంటుంది కాబట్టి, అక్కడ ఇసుకలో చిన్న గుంట చేసి దాన్ని కూర్చోబెట్టాలి. గొట్టం మీద కూడా నాలుగంగుళాల ఇసుక కప్పి, ఆపైనే గ్రావెల్ పోయాలి.

కొత్తగా పోసే బెడ్ ముక్క పాతదానితో కలిసి నిలవాలంటే, పాత కాంక్రీటు అంచుల్లో అడుగున్నరకు ఒకటి చొప్పున రంధ్రాలు వేసి 10 మిల్లీమీటర్ల కడ్డీ ముక్కలు దిగగొట్టి, అంచులకు సిమెంటు పాలు పూసి అప్పుడు పోయించండి. ఇంత పని నాలుగు టైల్స్ కోసమా అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నాలుగు టైల్సే కుంగిన దశలో మీరు అడిగారు, అదే నయం.

ప్రశ్న: ప్లింత్ బీములు పోసిన వారానికి ప్లంబరు వచ్చి, మరుగుదొడ్డి గొట్టం కోసం బీముకు రంధ్రం కొట్టాడు. రెండు కడ్డీలు అడ్డం వస్తే కోసేశాడు. సిమెంటుతో పూడ్చేస్తే ఏమీ కాదంటున్నాడు. నిజమేనా? (చిరు వ్యాపారి, బొబ్బిలి)

జవాబు: నిజం కాదు. ఆ కడ్డీలు బీము అడుగునవి అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే గోడ బరువుకు బీము మధ్యలో వంగకుండా లాగి పట్టేవి అవే. మీ ఇంజినీరుకు చూపించకుండా గోడ కట్టడం మొదలుపెట్టకండి. తెగిన కడ్డీలకు రెండు వైపులా తగినంత పొడవు బయటపడేలా కాంక్రీటు చెక్కి, అంతే లావు కడ్డీలను పక్కన జతచేసి మళ్లీ పోయించడమో, రంధ్రం ఉన్న చోట కింద చిన్న ఆధారం కట్టించడమో, ఏది కుదురుతుందో చోటు చూసిన మనిషే చెప్పాలి.

ఇక్కడ లెక్క చాలా తేలిక. మన ఇళ్లలో ప్లింత్ బీము మామూలుగా 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ఉంటుంది. మరుగుదొడ్డి గొట్టం 110 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాల పైచిలుకు. దాని చుట్టూ వదులు ఉండేటట్టు తొడుగు గొట్టం వేస్తే ఆ తొడుగే ఆరంగుళాలు దాటుతుంది. 12 అంగుళాల బీములో సగానికి పైగా తొర్ర పెడితే మిగిలేది బీము కాదు. బీము లోతులో మూడో వంతుకు మించిన రంధ్రం నేను ఒప్పుకోను. అందుచేత 110 గొట్టం బీము గుండా పోకూడదు, బీము కిందుగా పోవాలి. బీముకు సెంట్రింగ్ కట్టకముందే ప్లంబరును పిలిచి, గొట్టం దాటే చోట మట్టిలో తొడుగు వేయించుకుంటే ఈ గొడవ రాదు. మన దగ్గర తాపీమేస్త్రీ, రాడ్ బెండరు, ప్లంబరు ముగ్గురూ మూడు వేర్వేరు వారాల్లో వస్తారు. ఒకరి పని మరొకరికి తెలియదు. ఆ ముగ్గురినీ ఒక పూట ఒకచోట నిలబెట్టి, నేల మీద సున్నంతో గొట్టాల దారి గీయించడం ఇల్లు కట్టుకునేవారి బాధ్యతే.

తొడుగుకూ గొట్టానికీ మధ్య ఖాళీని సిమెంటుతో పూడ్చకండి. తారులో ముంచిన గోనెపీచును కూరితే ఇల్లు కొద్దిగా దిగినా గొట్టం తెగదు. బెడ్ కాంక్రీటు గుండా పైకి లేచే గొట్టానికి కూడా ఇదే సూత్రం: చుట్టూ తారు అట్టనో, మెత్తటి ఫోమునో చుట్టి ఆపైన కాంక్రీటు పోయించాలి. ఆ చుట్టు దగ్గరే చెదలు పైకి వచ్చే దారి ఉంటుంది కాబట్టి, బేస్‌మెంటుకు చెదలమందు కొట్టేవారికి ప్రతి గొట్టం మొదలూ చూపించి ప్రత్యేకంగా కొట్టించండి.

ప్రశ్న: ఎల్లుండి బెడ్ కాంక్రీటు. గొట్టాలు వేసేశారు. పోసే ముందు ఏమేమి చూసుకోవాలి? (ప్రైవేటు ఉద్యోగి, పలాస)

జవాబు: ఈ సంచిక మీకు చేరేసరికి మీ బెడ్ పడిపోయి ఉంటుంది గానీ, మీ తర్వాతివారికి పనికొస్తుందని రాస్తున్నాను.

గొట్టం మీద ముద్ర చదవండి. మరుగుదొడ్డికీ, స్నానాలగది మురుగుకూ వాడే ఎస్‌డబ్ల్యూఆర్ (సాయిల్, వేస్ట్, రెయిన్) గొట్టానికి ఐఎస్ 13592 అనే భారతీయ ప్రమాణం ఉంది, అందులో ‘ఎ’ రకం, ‘బి’ రకం అని రెండున్నాయి. ‘ఎ’ రకం వాననీటికీ గాలిగొట్టానికీ ఉద్దేశించినది. 110 మిల్లీమీటర్ల గొట్టంలో దాని గోడ మందం 2.2 మిల్లీమీటర్ల దగ్గర మొదలైతే, ‘బి’ రకానిది 3.2 దగ్గర మొదలవుతుంది. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి, ధరలో తేడా ఉంటుంది. గచ్చు కింద పడుకునేది ‘బి’ రకమే కావాలి.

తర్వాత వాలు చూడండి. అడుగుకు పావు అంగుళం అంటే 48 అడుగులకు ఒక అడుగు పల్లం, నాలుగంగుళాల గొట్టానికి అది చక్కగా కుదురుతుంది. మరీ చదునుగా వేస్తే మలం నిలిచిపోతుందని అందరికీ తెలుసు. మరీ ఏటవాలుగా వేస్తే నీరు ముందు పరుగెత్తి మలం వెనుక దిగబడుతుందని చాలామందికి తెలియదు. రసమట్టం అడుగున్నర పొడవే ఉంటుంది కాబట్టి, దానితో 20 అడుగుల గొట్టాన్ని కొలవబోతే తప్పుతుంది. నీళ్లు నింపిన లెవెల్ ట్యూబును రెండు చివరలా పట్టి చూడండి, 20 అడుగులకు 5 అంగుళాల తేడా రావాలి. గొట్టం మలుపు తిరిగేచోట 90 డిగ్రీల ఎల్బో ఉంటే దాన్ని తీయించి రెండు 45 డిగ్రీల బెండులు వేయించండి, రెండు గొట్టాలు కలిసేచోట ‘టీ’ ఆకారపు అతుకు బదులు ‘వై’ ఆకారపుది వేయించండి.

అప్పుడు నింపుడు పరీక్ష. చాంబరు చివర మూసి, గచ్చు మట్టం దాకా నీళ్లు నింపి, ఒక రాత్రి ఉంచండి. కాంక్రీటు పోసేటప్పుడు కూడా ఆ నీళ్లు తీయించకండి. కూలీ కాలితో తొక్కినా, కడ్డీ కొన గుచ్చుకున్నా మట్టం వెంటనే పడిపోతుంది గనక, పచ్చి కాంక్రీటు మీదే తప్పు దిద్దుకోవచ్చు. పైకి లేచిన మూతులన్నిటికీ గట్టి ప్లాస్టిక్ మూతలు వేయించాలి. సిమెంటు సంచి కాగితం కుక్కితే సిమెంటు పాలు లోపలికి జారతాయి. నహనీ ట్రాప్ మెడలో రాయిలా బిగిసిన సిమెంటును ఉలితో చెక్కలేక ట్రాపే మార్చిన ఇల్లు నేను చూశాను.

ఆఖరుగా, గోడ నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఎంత లోతున గొట్టం ఉందో తెలిసేటట్టు టేపు పక్కన పెట్టి ప్రతి గదినీ సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. పదేళ్ల తర్వాత తలుపు చట్రానికి రంధ్రం కొట్టేవాడికి అదే పటం. బెడ్ పోశాక మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు, మనకు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు అయితే కనీసం 10 రోజులు నీళ్లు కట్టి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు. రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేకపోతున్నారు. ఇంటి మధ్యగదిలో ఆమె మంచం. ఆ గదిలోనే ఒక మూల బాత్రూము కట్టిద్దామనుకుంటున్నాం. సెప్టిక్ ట్యాంకు 22 అడుగుల దూరంలో పెరట్లో ఉంది. (రైతు, రాజాం)

జవాబు: మీ తాపత్రయం అర్థమైంది. అయినా మధ్యగదిలో కట్టవద్దని చెబుతాను. 22 అడుగులకు వాలే అయిదున్నర అంగుళాలు కావాలి. దారిలో కనీసం రెండు ప్లింత్ బీములు అడ్డం వస్తాయి, వాటి కిందుగా దూరాలంటే మొదలులోనే గచ్చుకు అడుగున్నర లోతున పడాలి. ఆ లెక్కన చివర గొట్టం మట్టం ట్యాంకు నోటి కన్నా కిందకు పోతే మొత్తం పని వృథా. అంతా కుదిరినా రెండు గదుల గచ్చు పొడవునా కోయాలి. 78 ఏళ్ల మనిషి ఉన్న ఇంట్లో నెల రోజుల దుమ్ము, ఆపైన ఆమె మంచం కిందే మురుగు గొట్టం.

బయటి గోడ ఉన్న గదిలోకి అమ్మగారి మంచం మార్చడానికి వీలుంటే దారి సుగమం అవుతుంది. ఆ గోడకు ఆనించి ‘పి’ ట్రాప్ ఉన్న కమోడు వేయించండి. ‘ఎస్’ ట్రాప్ కమోడు గచ్చులోకి దిగుతుంది, ‘పి’ ట్రాప్‌ది నేలకు సుమారు 7 అంగుళాల ఎత్తున వెనక్కు, గోడలోంచి బయటకు పోతుంది. అప్పుడు మలం గొట్టం కోసం గచ్చు పగలగొట్టవలసిన అవసరమే రాదు. స్నానం నీటికి నహనీ ట్రాప్ ఒక్కటే కింద పడుతుంది. దాన్నీ గోడ మొదట్లోనే పెట్టిస్తే రెండడుగుల గాడితో పని అయిపోతుంది. బయట గోడ పక్కన చాంబరు కట్టి, అక్కడి నుంచి పెరట్లో ఆరుబయట ట్యాంకు దాకా గొట్టం తీసుకుపోండి. అది ఎప్పుడు పూడినా చాంబరు మూత తీస్తే చాలు.

గాడి తవ్వడం తగ్గించడానికి కొందరు బాత్రూము నేలను అరడుగు ఎత్తుతారు. పెద్దవాళ్లకు ఆ మెట్టే ప్రమాదం, ఎత్తకండి. గుమ్మం దగ్గర గడప కూడా వద్దు. నీరు బయటకు రాకుండా నేల వాలును మూలకు తిప్పిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళంలో పల్లపు కాలనీ. నాగావళికి నీరు ఎక్కువైనా, తుపాను వాన పట్టినా మరుగుదొడ్డిలోంచి మురుగు పైకి తన్నుతోంది. ఏం చేయాలి? (పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: బయట నీటి మట్టం మీ గొట్టం మట్టాన్ని దాటితే నీరు వెనక్కు రావడం సహజం. చాంబరుకూ ఇంటికీ మధ్య గొట్టంలో ఒకవైపే తెరుచుకునే వాల్వు వేయించండి. లోపలి నీరు బయటకు పోతుంది, బయటి నీరు తోస్తే రెక్క మూసుకుంటుంది. దాన్ని గచ్చు కింద పాతిపెట్టించకండి, చేతికి అందేటట్టు చిన్న చాంబర్లో ఉంచి, వానాకాలానికి ముందు రెక్క కడిగించండి. వెంట్రుక ఇరుక్కున్నా మూసుకోదు. వాల్వు మూసుకొని ఉన్నంతసేపు ఇంట్లో నీళ్లు పోస్తే అవి కూడా బయటకు పోలేక గచ్చు మీదకే వస్తాయని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత నీరు తీయకముందే సెప్టిక్ ట్యాంకులు తోడించాలని తొందరపడ్డవాళ్లు నాకు తెలుసు. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే అది ఖాళీ బిందెలా పైకి తేలబోతుంది. తేలకపోయినా కదులుతుంది, దానికి బిగిసిన గొట్టం విరుగుతుంది. నేలలో నీరు దిగేదాకా ఆగండి.

ప్రశ్న: ఇసుక నేల. ఇంటి వెనుక తాగునీటి నుయ్యి ఉంది. గచ్చు కింద మురుగు గొట్టం కారితే నూతికి చేటా? (పాఠకుడు, ఇచ్ఛాపురం)

జవాబు: చేటే. బంకమట్టి అయితే మురుగును కొంత ఆపుతుంది, ఇసుక ఆపదు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంతకూ నూతికీ మధ్య 18 మీటర్ల ఎడం పాటించాలన్నది అందుకే. నుయ్యి ఉన్న వైపు అసలు మురుగు గొట్టం రాకుండా ఇంటికి రెండో పక్కకు తిప్పేయండి. కాంక్రీటుకు సముద్రపుటిసుక, ఉప్పునీరు వాడనివ్వకండి. లోపలి కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి గచ్చును పగలగొడతాయి.

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాం. సంక్రాంతికి ఊరొచ్చి ఇల్లు తెరిస్తే గదులన్నీ మురుగు కంపు. గచ్చు కింద గొట్టం పగిలిందేమోనని భయంగా ఉంది. (పాఠకుడు, సోంపేట)

జవాబు: గచ్చు తవ్వించే ముందు ప్రతి నహనీ ట్రాప్‌లోనూ, కమోడులోనూ ఒక్కో చెంబు నీళ్లు పోసి, కిటికీలు తెరిచి గంటసేపు చూడండి. ట్రాప్ మెడలో రెండంగుళాల నీరు నిలిచి ఉంటేనే మురుగు గాలి పైకి రాదు. ఇల్లు నెలల తరబడి మూసి ఉంచితే ఆ నీరు ఆవిరైపోతుంది, అంతకు మించి ఏమీ జరిగి ఉండకపోవచ్చు. గంట గడిచినా కంపు తగ్గకపోతే నరసన్నపేట గృహిణికి చెప్పిన నింపుడు పరీక్ష చేయించండి. ఈసారి తిరిగి వెళ్లేటప్పుడు అన్ని ట్రాపులనూ నీటితో నింపి, ఆ నీటి మీద ఒక్కో చెంచా వంటనూనె పోసి, జాలీలకు పాలిథిన్ ముక్క కప్పి వెళ్లండి. నూనె పైన తేలి ఉన్నంతకాలం నీరు అంత త్వరగా ఎండదు.